ఆయాసం వచ్చినంక రమ్మన్నరు

ములకలపల్లిలో నర్సమ్మ ఇల్లెక్కడని అడిగితే పిల్లలు వేలు చూపించి వెంటనే రెండడుగులు వెనక్కి వేస్తారు. నర్సమ్మంటే నర్సు జోజమ్మ. ఆమె కోపం అలాంటిది. ఏఎన్ఎం ఉద్యోగం నుంచి ఆమె రిటైరై నాలుగేళ్లయింది గానీ, ఆమె నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి, దగ్గుతూ పోయేవాణ్ని ఆపి తెమడ పరీక్ష చేయించుకున్నావా అని నిలదీస్తుంది. బీపీ గోలీ మానేసినవాడు ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి పోతాడు.

నేను ఆ ఊరి పశువుల దవాఖానాలో అసిస్టెంటుని. పేరు సీతయ్య. నేనూ కోపిష్టినే, ముందే చెప్పేస్తున్నాను. ఇరవై రెండేళ్లుగా బర్రెల కాళ్ల తన్నులు తిని, గాలికుంటు టీకాల కోసం ఎండలో ఊరూరూ తిరిగి, ఇంటికొస్తే బావమరిది "ఏం కుక్కల డాక్టరూ" అని పలకరిస్తాడు. ఒళ్లు మండదా? కాబట్టి జోజమ్మ గురించి నేను చెబుతుంటే మధ్యలో గొంతు పెరిగితే ఏమీ అనుకోకండి.

ఆమె పుట్టింది ఎర్రుపాలెం పక్కన ఒక పల్లెలో. తండ్రి మోతుబరి రైతు దగ్గర పాలేరు. కన్యస్త్రీల హాస్టల్లో పదో తరగతి దాకా చదివి, మిషన్ దవాఖానాలో నర్సు పని నేర్చుకుంది. అక్కడొక ముసలి డాక్టరమ్మ ఉండేదట. ప్రతి నర్సు చెవుల్లోనూ స్టెతస్కోపు పెట్టి, రోగి గుండె మీద ఆనించి, "నాకేనా చెవులున్నది? మీరూ వినండి" అనేదట. వెళ్లిపోయేటప్పుడు తన గొట్టాన్ని జోజమ్మకే ఇచ్చి వెళ్లింది. తర్వాత ఏఎన్ఎం ఉద్యోగం వచ్చి ఇక్కడి అడవి ఊళ్లకు పోస్టింగు పడింది. ఏఎన్ఎంకి గుండె వినే పని లేదు. టీకాలు, కాన్పులు, జ్వరం గోలీలు, అంతే. అయినా ఆమె ఆ గొట్టాన్ని మెడలో వేసుకునే తిరిగింది. వాగులు దాటింది, ఎద్దుబండ్లెక్కింది, ఎక్కువసార్లు నడిచింది. భర్త ఆంథోని లారీ డ్రైవరు. ఆమె అరుస్తుంటే నవ్వగలిగిన మనిషి ఈ భూమ్మీద ఆయనొక్కడే. పన్నెండేళ్ల కింద ఆయనా పోయాడు. పిల్లల్లేరు.

ఆమె ఎంతటి మనిషంటే, ఒక ఆదివారం గుడిలో ఫాదరు ప్రసంగం సాగదీస్తుంటే మధ్యలో లేచి, "ఫాదర్, దేవుడు ఆగుతడు, నా టీకాల ఐస్ డబ్బా ఆగదు" అని చెప్పి డబ్బా భుజానేసుకుని బయటికి నడిచింది. ఆ ఫాదరు ఇప్పటికీ ఆమెను చూస్తే ప్రసంగం తగ్గిస్తాడంటారు.

ఇక సున్నం సంగతి. సున్నం అంటే ఆమె కుక్క. తెల్లటి బొచ్చు, నక్క మూతి, మోకాలెత్తు ఉండదు. పొమేరియన్ అని జనం అంటారు కదా, ఆ జాతి. ఒక బ్యాంకు మేనేజరు బదిలీ మీద పోతూ "నాలుగు రోజులు చూసుకోండి మేడం" అని ఆమె గేటుకు కట్టేసి వెళ్లాడు. ఆ నాలుగు రోజులు ఎనిమిదేళ్లయ్యాయి. ఆ మేనేజరు ఎక్కడున్నాడో గానీ, ఆమె తిట్ల వల్ల వాడికి రోజూ పొలమారుతూనే ఉండి ఉంటుంది. కుక్క మాత్రం ఆమె మంచం కిందే పడుకునేది. ఆంథోని పోయిన తర్వాత ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురుచెప్పే ప్రాణి అదొక్కటే. ఆమె ఒకటి అరిస్తే అది రెండు మొరిగేది.

కిందటేడాది మార్చిలో అకాల వర్షం పడింది. కల్లాల్లో మిర్చి తడిసిపోతోందని ఊరంతా పట్టాలు పట్టుకుని ఉరుకుతున్న వేళ అది. ఉరుములకు భయపడి సున్నం జోజమ్మ ఒళ్లోకి దూరింది. దాని ఛాతీ మీద చెయ్యి వేసిన ఆమెకు అరచేతికి ఏదో తేడాగా తగిలింది. గోడకు వేలాడుతున్న గొట్టం తీసి చెవుల్లో పెట్టుకుని వింది. గుండె ఒక్కో దెబ్బ వేసినప్పుడల్లా, గాస్కెటు పోయిన కుక్కరు లోంచి ఆవిరి పోయినట్టు, సుయ్యిమని చప్పుడు.

వాన తెరిపి ఇవ్వగానే కుక్కను చంకన పెట్టుకుని మా దవాఖానాకు వచ్చింది. నేనప్పుడు ఒక బర్రె కడుపు ఉబ్బితే మందు పోస్తున్నాను. పదిమంది రైతులున్నారు. పక్క గూడెం నుంచి మేకను తోలుకొచ్చిన పోతయ్య అరుగు మీద కూర్చున్నాడు.

"సీతయ్యా, దీని గుండెల వాల్వు లీకైతున్నది. చూడు," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. "కుక్కకు గుండె జబ్బా? రేపు షుగరు గూడ వస్తదేమో," అన్నారు ఇంకొకరు.

వాళ్లను తిట్టాల్సింది నేను. తిట్టలేదు. ఎందుకంటే నా తలలో ఉన్నదీ అదే. మా పశువుల పనిలో ఒక పద్ధతుంది. గొడ్డును తోలుకురాగానే అడిగే మొదటి మాట "మేత తింటున్నదా? నెమరేస్తున్నదా?" తింటూ, నెమరేస్తూ, పాలిస్తుంటే దానికి రోగం లేనట్టే. మేత మానితేనే రోగం. ఇరవై రెండేళ్లు అదే లెక్కన బతికాను. ఆ లెక్కనే కుక్క గుండెకూ వాడాను.

"తింటున్నదా నర్సమ్మా?"

"తింటున్నది."

"ఉరుకుతున్నదా?"

"ఉరుకుతున్నది."

"ఇగో, నన్ను కరవనీకె కూడ వస్తున్నది. మరింక రోగమేంది? మంచిగనే ఉన్నది గద. ఆయాసం గిట్ల వస్తే తీస్కరండ్రి, చూద్దాం."

అంతే. ఆమె ముఖం ఎర్రగా మారింది. నా చేతిలో మందు గొట్టం లాగి నేలకేసి కొట్టింది.

"మంచిగనే ఉన్నది గద! మంచిగనే ఉన్నది గద! ఈ మాట నీకు ఎవడు నేర్పిండురా? ప్రాణం పొయ్యేటప్పుడు తీస్కొస్తే నువ్వేం పీకుతవ్? సర్టిఫికెట్ రాసిస్తవా?"

పదిమంది ముందు "రా" అంది. నా వయసు నలభై ఎనిమిది. ఆమె కుక్కను ఎత్తుకుని వెళ్లిపోయింది. బర్రె యజమాని నేల మీద పడ్డ గొట్టం తీసి, నా వైపు చూడకుండా కడిగి ఇచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ముసల్దానికి పిచ్చి ముదిరిందని పైకే అన్నాను.

అరుగు మీద నుంచి పోతయ్య లేచి వచ్చాడు. కోయ మనిషి, అరవై అయిదు దాటాయి, మాట తక్కువ.

"మనసుల పెట్టుకోకు సారూ. మా కన్నమ్మ యాదికొచ్చి గట్లన్నది," అన్నాడు.

కన్నమ్మ ఆయన కూతురు. ఆ పిల్లకు పదకొండేళ్లప్పుడు జ్వరం వచ్చి కీళ్లన్నీ వాచాయి. తగ్గిపోయింది. మళ్లీ ఎప్పటిలా గంతులేసింది. టీకాలకు వెళ్లిన జోజమ్మ ఎందుకో ఆ పిల్ల ఛాతీ మీద గొట్టం పెట్టి, గుండె చప్పుడు తేడాగా ఉందని తండ్రినీ కూతురినీ బండెక్కించి పట్నంలో పెద్ద దవాఖానాకు తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు తండ్రిని బయటే ఉంచి చూసి, పిల్ల బాగానే ఉందని పంపించాడు. పదహారో ఏట, మే నెలలో, బీడీలు చుట్టే తునికాకు కట్టలు నెత్తిన పెట్టుకుని కల్లానికి వస్తూ కన్నమ్మ ఆయాసంతో కూలబడింది. బండి మీద రోడ్డు దాకా తెచ్చేసరికి ప్రాణం పోయింది.

"ఆకుకు రానన్నదయా ఆ దినం. నేనే గట్టిగ పిలిచిన," అన్నాడు పోతయ్య. మేక తాడు విప్పుకుని నడిచి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు నా కోపంతో నేను కొట్టుకున్నాను. ఐదో రోజు సిగ్గు విడిచి ఆమె గేటు ముందు నిలబడ్డాను. మా డాక్టరుగారు కుక్క గుండె విని, చప్పుడు నిజమేనని, ఇక్కడ ఎక్స్‌రే లేదు కాబట్టి ఖమ్మం తీసుకెళ్లమన్నారు. ఖమ్మంలో మనోజ్ఞ అని ఒక డాక్టరమ్మ చిన్న జంతువుల ఆసుపత్రి నడుపుతోంది. కారు కిరాయికి మాట్లాడాను. దారి పొడుగునా జోజమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. సున్నం మాత్రం ఎదురొచ్చిన ప్రతి లారీని మొరిగి తిట్టింది.

మనోజ్ఞకు ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. చాలాసేపు వింది. ఎక్స్‌రే తీసింది, స్కానింగు చేసింది. ఎక్స్‌రేను వెలుతురు పలక మీద పెట్టి మాకు చూపించింది. కుక్క గుండె పొడవునూ వెడల్పునూ దాని వెన్నుపూసల పక్కన పెట్టి, ఎన్ని పూసలంత ఉందో కొలుస్తారట.

"మీరు విన్నది కరెక్టేనమ్మా. వాల్వు మందమైపోయి సరిగ్గా మూసుకోవట్లేదు. చిన్న జాతుల్లో ఈ వయసుకి ఇది మామూలే. కానీ గుండె ఇంకా పెరగలేదు. ఇప్పుడు మందులు అక్కర్లేదు," అంది.

జోజమ్మ కుర్చీలోంచి లేచింది. నేను కళ్లు మూసుకున్నాను.

"అక్కర్లేదా? చప్పుడు ఉన్నదంటున్నవ్, వాల్వు పోయిందంటున్నవ్, మందు అక్కర్లేదా? నువ్వు పలక పట్టకముందే ఈ మాట విన్ననమ్మా నేను. మంచిగున్నది పోండ్రి అని పంపిస్తే మేం పోవాల్నా?"

ఆ అమ్మాయి బెదరలేదు. అందుకే నాకు నచ్చింది. "బాగుందని నేనన్లేదమ్మా," అంది, ఆమె గొంతూ కాస్త పెరిగింది. "జబ్బుంది. గుండె పెరగనంత వరకు గోలీతో లాభం లేదు. పెరగటం మొదలైన రోజే ఇవ్వాలి. ఆ రోజు ఇది ఇలాగే తింటూ, ఇలాగే మొరుగుతూ ఉంటుంది. చూస్తే మీకూ తెలియదు, నాకూ తెలియదు, ఎక్స్‌రేకే తెలుస్తుంది. అందుకే ఆరు నెలలకి రమ్మంటున్నా. తారీఖు రాసిస్తున్నా చూడండి."

కాగితం మీద సెప్టెంబరు పద్దెనిమిది అని రాసింది. ఇంకొకటి చెప్పింది. రోజూ అది చల్లని చోట, గాఢంగా నిద్రపోతున్నప్పుడు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాసుకోవాలి. ముప్పై దాటితే తారీఖు కోసం చూడకుండా వెంటనే ఫోను చెయ్యాలి.

జోజమ్మ ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. తిరుగు దారిలో కారు కొత్తగూడెం దాటాక ఒకే ఒక్క మాట అంది. "ఆర్నెల్లు. ఆర్నెల్ల ఎంతమంది పోయిండ్రో ఈ పోరికేం ఎరుక."

ఏప్రిల్ అంతా లెక్కపెట్టింది. మధ్యాహ్నం బండ మీద సున్నం నిద్రపోతే, దాని పక్కన ముక్కాలిపీట వేసుకుని, చేతి గడియారం చూసుకుంటూ కూర్చునేది. పద్దెనిమిది, ఇరవై, పందొమ్మిది. నోటుబుక్కులో రాసుకునేది. నేను అటు పోతే పెదాల మీద వేలు పెట్టి కసిరేది. ఒక మనిషి కోపాన్ని అంతసేపు మింగుకుని కదలకుండా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మే వచ్చింది. మా దగ్గర మే అంటే మీకు తెలుసు కదా, బోరింగు పిడి పట్టుకుంటే అరచెయ్యి కాలుతుంది. తునికాకు మొదలైంది. ఆమె గేటు ముందు నుంచే ఆడపిల్లలు కట్టలు నెత్తిన పెట్టుకుని కల్లానికి పోతుంటారు. ప్రతి ఏడూ ఆ పది పదిహేను రోజులు ఆమె గేటు దగ్గరికి రాదు. ఆ సంగతి అప్పటిదాకా ఊళ్లో ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు.

ఒక ఉదయం ఆరున్నరకు ఫోను. "సీతయ్యా, జల్దీ రా. సున్నం లేస్తలేదు."

వెళ్లి చూస్తే కుక్క గచ్చు మీద పడి ఉంది. కాళ్లు తేలిపోతున్నాయి. చిగుళ్లు ఎండి, వేలు పెడితే అతుక్కుంటున్నాయి. మెడ మీద తోలు పట్టి లాగి వదిలితే అలాగే నిలబడిపోయింది. నీళ్లన్నీ పోయాయి దాని ఒంట్లోంచి.

"వాంతులా? విరేచనాలా?"

తల అడ్డంగా ఊపింది.

"మరేమైంది?"

ఆమె కిటికీ వైపు చూసింది. కిటికీలో మందుల డబ్బా మూత తీసి ఉంది. పక్కన గోలీల అట్ట. అది ఆమె కాళ్ల వాపులకు వాడే నీళ్ల గోలీ, ఒంట్లో నీరంతా ఉచ్చలో పోయేలా చేసేది. ఒక గోలీ సగానికి విరిచి ఉంది.

నాకు అర్థమైంది. వెంటనే మనోజ్ఞకు ఫోను కలిపాను. గోలీ వెంటనే ఆపమంది. సెలైను ఒకేసారి ఎక్కించొద్దు, గుండె తట్టుకోలేదు, తోలు కింద కొద్దికొద్దిగా ఇవ్వమంది, ఊపిరి చూస్తూ ఉండమంది. గంట దాకా నేను ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆమె చెప్పినట్టు చేస్తూ పోయాను. ఎనిమిదిన్నరకు సున్నం తల ఎత్తి గిన్నెలో నీళ్లు నాకింది.

అప్పుడు పగిలింది నా నోరు. పదిమంది ముందు నన్ను "రా" అన్న రోజు నుంచి దాచిపెట్టిందంతా బయటికొచ్చింది. మీరు అనాల్సిన చోట నువ్వు అన్నాను.

"ఎవరియ్యమన్నరు? ఎవరు చెప్పిండ్రు నీకు? డాక్టరమ్మ వద్దన్నది కదా! ముప్పై నాలుగేండ్లు ఊరి మీద అర్సినవ్ కదా, సొంతంగ గోలీలు మింగకండ్రి, మీరేమన్న డాక్టర్లా అని! గదే పని నువ్వు చేస్తవా? నోరు లేని జీవం మీద చేస్తవా? ఉచ్చ పోసి పోసి ఎండిపోయిందది! ఇంకో పూట ఆలశ్యమైతే గుంత తవ్వెటోళ్లం!"

ఆమె ముక్కాలిపీట మీద కూర్చుంది. ఎదురు అరుస్తుందని చూశాను. నోటుబుక్కు నా ముందుకు తోసింది. ఇరవై ఒకటి, పందొమ్మిది, ఇరవై. ఆ కింద, అయిదు రోజుల కిందటి తారీఖున, అరవై నాలుగు.

"ఎప్పుడు లెక్కవెట్టినవ్?"

"పగటీలి. గేటుకాడ. నాలిక బయటేస్కొని రొప్పుతున్నది."

నేను తల పట్టుకున్నాను. మే ఎండలో గేటు దగ్గర నిలబెడితే ఏ కుక్కయినా రొప్పుతుంది. కుక్కకు చెమట పట్టదు, నాలుక బయట పెట్టే ఒళ్లు చల్లార్చుకుంటుంది. ఇది ఆమెకు తెలియంది కాదు.

"నిద్రల చూడుమన్నది గద డాక్టరమ్మ. నువ్వు గేటుకాడికెందుకు పోయినవ్?"

"ఆకు కట్టలు నెత్తిన వెట్కొని ఒక పిల్ల పోయింది," అంది. "గిట్లనే రొప్పుకుంట పోయింది. దాన్ని ఆపి గుండె సూద్దామని ఉరికిన. అది నన్ను జూసి భయపడి పరిగెత్తింది. సున్నం నా ఎంబడి వచ్చింది. దీన్ని జూస్తే ఇదీ రొప్పుతున్నది. నాకింకేం సోయి లేదు సీతయ్యా. ఆలశ్యం చేస్తున్నా, మళ్ల ఆలశ్యం చేస్తున్నా అనిపించింది. కన్నమ్మను జూసిన పొద్దు ఆ డాక్టరు ఆయాసం వచ్చినంక తీస్కరండ్రి అన్నడు. నేనేమన్నా? అవ్ సార్ అన్న. తలకాయ ఊపి వచ్చిన. చెవులల్ల చప్పుడు పెట్కొని, నోరు మూస్కొని బండెక్కిన. గుండె ఇంక చెడకుండ నెలకొక్క పెన్సిలిన్ సూది చాలు దానికి. సూదులన్నీ నా సంచిలనే ఉండె. పెద్ద డాక్టరు రాయలేదని నేనియ్యలె."

నర్సమ్మ ఊరందరినీ ఎందుకు తిడుతుందో ఆ రోజు తెలిసింది నాకు. అప్పుడెప్పుడో పట్నం డాక్టరు ముందు మూసుకున్న నోరే అది. అప్పట్నుంచి మూయలేదు.

"అప్పుడు ఆలశ్యం చేసిన, ఇప్పుడు తొందరవడ్డ. రెండుసార్లూ నేనే," అంది. కన్నీళ్లు కారుతున్నా గొంతులో కోపమే ఉంది. నాకు ఓదార్చడం రాదు. గోలీల అట్ట తీసి జేబులో పెట్టుకుని, ఆమె కాళ్ల వాపులకు కావలసినవి రోజూ నేనే తెచ్చిస్తానని చెప్పాను. "పో, దొంగనాయాలా," అంది. అంటే ఒప్పుకుందన్నమాట.

జూన్, జులై, ఆగస్టు. నోటుబుక్కులో ఇరవై, పందొమ్మిది, ఇరవై రెండు. నిద్రలోనే లెక్కపెట్టింది, నీడలోనే లెక్కపెట్టింది. మనోజ్ఞ కాగితం మేరీమాత పటం కింద అంటించి పెట్టింది. సెప్టెంబరు మూడో వారంలో నాకు టీకాల డ్యూటీ పడింది. పద్దెనిమిదిన కుదరదు, కుక్క హుషారుగానే ఉంది కదా, పది రోజులాగి పోదామని అందామనుకుని ఆమె గేటు దాకా వెళ్లాను. ఆ మాట నా నాలుక చివర దాకా వచ్చింది. నా మీద నాకే అసహ్యమేసింది. గేటు తీయకుండానే వెనక్కి వచ్చి, సెలవు చీటీ రాశాను. మా సారు గయ్యిమన్నాడు. నేనూ గయ్యిమన్నాను.

పద్దెనిమిదిన ఖమ్మంలో సున్నం బల్ల మీద ఒక్కచోట నిలవలేదు. ఎక్స్‌రే తీసేవాడి చేతి గుడ్డ లాక్కుంది. అక్కడున్న పిల్లిని చూసి గొలుసు తెంపుకోబోయింది. మనోజ్ఞ కొత్త ఎక్స్‌రేను పాత దాని పక్కన పెట్టింది. నాకే తెలిసిపోయింది. గుండె రెండు వైపులా ఉబ్బి పెరిగింది. స్కానింగులోనూ అదే తేలింది.

"ఇవాళే మొదలుపెట్టాలమ్మా," అంది మనోజ్ఞ. "గుండెకు బలమిచ్చే గోలీ. పొద్దునా సాయంత్రం, తిండికి గంట ముందు. బతికినంతకాలం."

జోజమ్మ లేవలేదు. నెమ్మదిగా అడిగింది. అంత నెమ్మదిగా ఆమె మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"తింటున్నది గదమ్మా?"

"తింటుంది."

"ఉరుకుతున్నది గద?"

"ఉరుకుతుందమ్మా. అందుకే ఇవాళ. ఆయాసం వచ్చాక మొదలుపెడితే నెలలే మిగులుతాయి. ఇప్పుడు మొదలుపెడితే ఆ ఆయాసాన్ని ఏడాదికి పైనే వెనక్కి నెట్టొచ్చు."

జోజమ్మ అరచేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టింది. గాజు పలక కదిలింది. "గీ ఒక్క మాట," అంది, "గీ ఒక్క మాట ఆ పొద్దు ఆ గదిల ఒక్కడన్న అనకపాయె." మనోజ్ఞకు విషయం తెలియదు. నేను తర్వాత చెబుతానని సైగ చేశాను.

మూడో రోజు సాయంత్రం ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఆమె గోలీని పెరుగు చుక్కలో అద్ది సున్నం నోట్లో పెడుతోంది. మేకలు తోలుకుని పోతయ్య వస్తున్నాడు. ఎదురుగా చాయ్ బండి దగ్గర నలుగురు నిలబడి చూస్తున్నారు.

"గంతులేసే కుక్కకు గోలీలేంది నర్సమ్మా, బలుపెక్కువై వేస్తున్నవా?" అని ఒకడు అరిచాడు.

ఆమె చేతికందిన చెంబు తీసింది. విసరలేదు. చెంబు కింద పెట్టి, గోడకున్న గొట్టం తీసుకుని గేటు దాకా నడిచి, "పోతయ్యా, ఇట్రా" అంది.

పోతయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆమె గొట్టం రెండు కొసలూ ఆయన చెవుల్లో పెట్టింది. బిళ్ల ఉన్న కొసను సున్నం ఛాతీ ఎడమ పక్కన ఆనించి పట్టుకుంది. సున్నం కాసేపు గింజుకుని, ఆయన చేతిలో మేకల వాసన నచ్చిందేమో, నిలబడిపోయింది.

పోతయ్య విన్నాడు. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మేకలు చెదిరి పక్కింటి బెండ మొక్కల్లో పడ్డాయి. ఆయన అటు చూడలేదు. నేనే లేచి వాటిని తోలాను. తిరిగి వచ్చేసరికి ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు.

"మా కన్నమ్మది గిట్లనే ఉండెనా అమ్మా?"

"అవ్. గిట్లనే."

ఆయన గొట్టాన్ని చెవుల్లోంచి తియ్యలేదు. ఇరవై నాలుగేళ్లు ఆ మనిషి తునికాకు కట్టను తిట్టుకున్నాడు, ఎండను తిట్టుకున్నాడు, ఆ రోజు కూతుర్ని గట్టిగా పిలిచిన తన గొంతును తిట్టుకున్నాడు. ఆ వేళ మొదటిసారి ఆయన ముఖంలో కోపం ఇంకో వైపు తిరగడం చూశాను.

"గింత గట్టిగ ఇనబడుతుంటె, గా డాక్టరుకు ఎట్ల ఇనబడలేదమ్మా?"

జోజమ్మ కుక్క ఛాతీ మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఇన్నడు పోతయ్యా," అంది. "ఇన్నడు. ఇని, ఆయాసం వచ్చినంక రమ్మన్నడు."